తమ్ముడూ, ఆ బయోమెట్రిక్ మిషన్ గురించే రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన హాస్యకథ రెండుసార్లు చదివా, ఒకసారి బస్సులో, ఇంకోసారి ఇంటికొచ్చి పెన్సిల్ పట్టుకుని. మనుషులు మాట్లాడే తీరు నీకు బాగా పట్టుబడింది, అది నేర్పితే వచ్చేది కాదు, నాకు చాలా సంతోషం వేసింది. కానీ వాచ్‌మన్ ఇంగ్లీషు తప్పులు చూపించి నవ్వమన్నావు చూడు, ఆ పేజీ దగ్గర నాకు నవ్వు రాలేదు, బాధేసింది. అదే కథలో పొద్దున 9.30కి రెండు నిమిషాల ముందు బయోమెట్రిక్ మిషన్ దగ్గర క్యూ కట్టి, వేలు పడట్లేదని ప్యాంటుకేసి తుడుచుకుంటూ మళ్ళీ మళ్ళీ నొక్కే జనం, అది నాలుగు లైన్లే ఉంది, కానీ కథ మొత్తం అక్కడే ఉంది. ఎందుకంటున్నానో చెప్పాలంటే డేవ్ అలెన్ అనే టీవీ కమెడియన్ సంగతి చెప్పాలి.

ఐర్లండ్ వాడు, 1936లో డబ్లిన్ పక్కన పుట్టాడు. వాళ్ళ నాన్న ఐరిష్ టైమ్స్ పేపర్లో జనరల్ మేనేజరు, పిల్లాడికి 12 ఏళ్ళప్పుడే పోయాడు. ఇతను కూడా డ్రాహెడా అనే ఊళ్ళో ఒక పేపర్లో కొన్నాళ్ళు చేసి లండన్ వెళ్ళాడు, అక్కడ పేపర్ ఉద్యోగం దొరకలేదు, ఆ పనీ ఈ పనీ చేసి చివరికి బట్లిన్స్ వాళ్ళ హాలిడే క్యాంపులో ఎర్ర కోటు వేసుకుని వచ్చినవాళ్ళకి కాలక్షేపం చేయించే పనిలో చేరాడు. నువ్వు కలం పేరు అడిగావు కదా, ఇతని అసలు పేరు డేవిడ్ టైనన్ ఓమహోనీ, ఇంగ్లండులో జనానికి నోరు తిరగదని మార్చుకున్నాడు, అలెన్ ఎందుకంటే ఇంగ్లీషు 'A' అక్షరంతో మొదలైతే ఏజెంటు లిస్టులో పైన ఉంటాడని. కలం పేరు గురించి అంతకంటే ఎక్కువ ఆలోచించకు, ఏదో ఒకటి పెట్టుకో.

1971 నుంచి 1979 దాకా బీబీసీలో ఇతని షో వచ్చింది. మధ్యలో స్కిట్లలో వేషాలు వేసేవాడు, అవి ఒక ఎత్తు, అసలు మజా మాత్రం ఎత్తు స్టూలు మీద కూర్చుని, చేతిలో సిగరెట్టు, పక్కన గ్లాసు పెట్టుకుని మన అరుగు మీద పెద్దాయన కబుర్లు చెప్పినట్టు చెప్పేవాడు చూడు, అందులో ఉంది. ఆ గ్లాసులో విస్కీ అని అందరూ అనుకునేవాళ్ళు, నిజానికి ఎక్కువగా జింజర్ ఏల్, అంటే మత్తులేని అల్లం సోడా. ఇది గుర్తుపెట్టుకో. చూసేవాళ్ళకి మనిషి మందు పుచ్చుకుని తీరిగ్గా వాగుతున్నట్టు ఉండాలి, లోపల మాత్రం పూర్తి తెలివితో ఏ మాట ఎప్పుడు వదలాలో చూసుకుంటూ ఉంటాడు. నువ్వేమో రెండు పేజీల్లో పద్నాలుగు జోకులు పెట్టావు, పాఠకుడు ఒకటి నవ్వి ఊపిరి తీసుకునేలోపు ఇంకోటి నెత్తిన పడుతుంది.

అతని ఎడమచెయ్యి చూపుడువేలు సగమే ఉండేది. చిన్నప్పుడు యంత్రంలో పడి పోయిందంటారు. ఎవరైనా అడిగితే ఒక్కోసారి ఒక్కో కథ చెప్పేవాడు. లోటుని దాచలేదు, దాని మీద జాలీ అడగలేదు, కథలకి ముడిసరుకు చేసుకున్నాడు.

ఇక ముఖ్యమైన విషయం. అతను పెరిగిన ఐర్లండులో చర్చి మాటకి ఎదురుండేది కాదు, చదివిన బళ్ళలో నన్స్ అంటే క్రైస్తవ సన్యాసినులన్నా, ప్రీస్టులన్నా పిల్లలకి హడల్. పెద్దయ్యాక అతను జోకులేసింది సరిగ్గా వాళ్ళ మీదే, పోప్ దాకా వెళ్ళాడు, తిట్లు తిన్నాడు. అయినా ప్రతి షో చివర గుడ్‌నైట్ చెప్పి, థాంక్స్ చెప్పి, మీ దేవుడు మీకు తోడుండాలి అని దీవించి వెళ్ళేవాడు. తను నాస్తికుడే, కానీ ఎవరి నమ్మకం వాళ్ళకి వదిలేశాడు, భయపెట్టే అధికారాన్ని మాత్రం వదల్లేదు. నీ వాచ్‌మన్ నిన్ను ఎప్పుడు భయపెట్టాడు చెప్పు?

1990లో మళ్ళీ బీబీసీకి వచ్చినప్పుడు గడియారం గురించి మాట్లాడాడు. పొద్దున గడియారం లేపుతుంది, గడియారం చూసి పనికి పోతాం, గడియారం చూసి తింటాం, గడియారం చూసి ఇంటికొస్తాం, ఇలా నలభై ఏళ్ళు చేశాక రిటైర్ అయితే చేతిలో ఏం పెడతారు, గడియారం. ఆ చివరి వాక్యంలో ఒక బూతు వాడాడు, కంప్లైంట్లు వెళ్ళాయి, గొడవ పార్లమెంటు దాకా పోయింది. నా లెక్క అడిగితే ఆ బూతు అక్కడ ఉండాల్సిందే, అంతసేపు నెమ్మదిగా పేర్చుకుంటూ వచ్చిన కోపం అక్కడికొచ్చేసరికి తన్నుకొచ్చింది. నీ కథలో మూడో లైనులోనే బూతు ఉంది, దాని వెనక ఏ కోపమూ లేదు, అందుకే కొట్టేశా.

ఆ వీడియో నేను రిటైర్ అయిన నెలకి చూశాను. 33 ఏళ్ళు ఒకే ఆఫీసు, ఆఖరి రోజు దండ వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. వీడియో చూసి ముందు గట్టిగా నవ్వాను, తర్వాత గోడ వైపు చూసి చాలాసేపు అలాగే కూర్చున్నా, మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగేదాకా. ఎక్కడో డబ్లిన్‌లో పుట్టినవాడికి మా ఇంటి గోడ మీద ఏముందో ఎలా తెలిసిందా అనిపించింది. అతను తన ఒళ్ళు మండిన సంగతే చెప్పాడు, అది నా ఒళ్ళు మండిన సంగతి కూడా అయింది.

అందుకని ఒక పని చెయ్యి. వాచ్‌మన్ పేజీ తీసెయ్. మిషన్ దగ్గర క్యూ పెంచు, ఎవరెవరు నిలబడ్డారు, ముందు రోజు లేటైనవాడి మొహం ఎలా ఉంది, చపాతీపిండి కలిపి పరిగెత్తుకొచ్చిన అక్క వేలు ఎందుకు పడట్లేదు, 9.31 అయితే జీతంలో ఎంత పోతుంది, ఆ రూల్ పెట్టినాయన తను ఎన్నింటికి వస్తాడు. జోకు కోసం వెతక్కు, ఆ ఒక్క నిమిషాన్ని నాలుగు పేజీలు రాయి. రాశాక ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించు, నువ్వు ఊపిరి ఆపిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకో, వాళ్ళు ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వకుండా నీ వైపు చూశారో అదీ రాసుకో.

తొందరేం లేదు, దసరా సెలవుల్లో పంపినా చాలు. ఆ చపాతీపిండి అక్కని మాత్రం మర్చిపోకు.

ఉంటాను,
మీ అన్నయ్య