మతిమరుపు పరీక్షలో ‘సరిగా ప్రయత్నించలేదు’ అని రిపోర్టు రాశారు. మా నాన్న నటిస్తున్నట్టా?

ఆ వయసులో మతిమరుపు నటించి మీ నాన్నగారికి ఒరిగేదేముందండీ? పెన్షన్ పెరుగుతుందా? ఆల్జీమర్స్ అని డాక్టరు ముందే చెప్పారని మీరే రాశారు. ఇంక ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఆయన్ని కసురుకోకండి.

మా మామయ్యగారి రిపోర్టులోనూ అచ్చం ఇదే రాశారు. ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. యాభై బొమ్మలు ఒక్కొక్కటే చూపించి, ఆ తర్వాత రెండేసి బొమ్మలు ముందు పెట్టి ‘ఇందాక చూసింది ఏది?’ అని అడిగే పరీక్ష. తప్పు చెబితే ఆ అమ్మాయి ఓపిగ్గా ‘కాదండీ, ఇదీ’ అని చూపిస్తోంది. మొదట్లో బాగానే వేలు పెట్టి చూపించారు. కాసేపటికి ప్రతిదానికీ అత్తయ్య మొహంలోకి చూడటం మొదలైంది. ఆవిడ కళ్ళతో సైగ చేయబోతే ‘అమ్మా, మీరు చెప్పకూడదు’ అని ఆ అమ్మాయి. చివరికి ‘ఊఁ, తర్వాతది, తర్వాతది’ అంటూ, బస్సులో జనాన్ని ముందుకు తోసినట్టు, వరసగా ఎడమ పక్క బొమ్మలే చూపించేశారు. పక్కవాళ్ళ వైపు అలా తల తిప్పడం కూడా ఆల్జీమర్స్‌లో తరచూ కనిపించే లక్షణమేనట. దాన్ని మాత్రం రిపోర్టులో ఎవరూ రాయలేదు!

1996లో వచ్చిన ఈ ‘టామ్’ పరీక్షను అమెరికాలో యాక్సిడెంటు నష్టపరిహారం కేసుల్లో దొంగ మతిమరుపు పట్టుకోవడానికి బాగా వాడతారు. 50కి 45 కన్నా తగ్గితే అనుమానిస్తారు. కానీ జబ్బు ముదిరినవాళ్ళు చాలామంది నిజాయితీగా చేసినా ఆ గీత దాటలేరు. కళ్ళు మూసుకుని చూపించినా 25 దగ్గర వస్తాయి కదా. అంతకన్నా బాగా తక్కువ వచ్చిందంటే, జవాబు తెలిసి కావాలని తప్పు చెప్పారనుకోవచ్చు. మామయ్యగారికి 31 వచ్చాయి. ఇందులో నటన ఎక్కడుంది?

అసలు ఆ రోజు ఏం జరిగిందో కూడా అడగాలి. రక్తపరీక్షకని మా షుగర్ పేషెంటును పరగడుపున రమ్మని, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ప్రశ్నలేమో సగం ఇంగ్లీషులో. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు తెలుగుతో కలిపి ఐదు భాషల్లో ఇలాంటి జ్ఞాపకశక్తి పరీక్షల సెట్ తయారుచేశారు. అది వాడతారా అని అడిగితే మా మొహం వింతగా చూశారు. మీరు మాత్రం అడగండి. పొద్దున్నే స్లాట్ తీసుకోండి, కళ్ళజోడు, చెవి మిషను మర్చిపోకండి.

ఇంకోటి. మీ నాన్నగారు అన్నిటికీ ‘తెలీదు’ అనే అంటున్నారా, లేక తప్పో ఒప్పో ఏదో ఒక జవాబు చెబుతున్నారా? వట్టి ‘తెలీదు’లే ఎక్కువైతే డిప్రెషన్ కూడా ఉందేమో చూడమనండి, దానికి మందులున్నాయి. పార్కిన్సన్స్ వాళ్ళకైతే ఆలోచనే నెమ్మదిస్తుంది. మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాళ్ళకు పట్టించుకోవాలన్న ధ్యాసే పోతుంది. ప్రయత్నించకపోవడమే అక్కడ జబ్బు. దాన్ని మనిషి తప్పన్నట్టు రాస్తే ఎలా?

రిపోర్టు ఫోటో మాత్రం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మా మరిది పెట్టాడు. ఇప్పటికీ బంధువులు ఫోన్ చేసి ‘బావగారూ, కాస్త మనసు పెట్టండి’ అని మామయ్యగారికే క్లాసు పీకుతున్నారు.