జీపీజీ ప్రైవేట్ కీ పోకుండా, పరుల చేతికి చిక్కకుండా ఎలా దాచుకోవాలి?

ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉన్న జీపీజీ ప్రైవేట్ కీకి నకలు ఎక్కడ ఉంచాలి, అది ఇతరులకు దొరికితే ఎలా అని మీరు అడిగారు. జీపీజీ అంటే ఉత్తరాలను, ఫైళ్లను ఇతరులు చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసే, వాటిపై డిజిటల్ సంతకం పెట్టే ప్రోగ్రాము. అలా మీకోసం ఎన్‌క్రిప్ట్ చేసినవాటిని తెరిచేది, మీ సంతకం పెట్టేది మీ దగ్గరే ఉండే ప్రైవేట్ కీ. సంతకానికి వాడే సబ్‌కీ (ప్రధాన కీ కింద ఒక్కో పనికి ఉండే ఉపకీ) పోతే కొత్తది చేసుకోవచ్చు. ఎన్‌క్రిప్షన్ సబ్‌కీ పోతే మాత్రం దానికి ఉద్దేశించి ఎన్‌క్రిప్ట్ చేసిన పాత ఉత్తరాలను, ఫైళ్లను మళ్లీ తెరిచే దారి ఉండదు. కాబట్టి బ్యాకప్ అత్యవసరమైనది దీనికే.

నేను రహస్య కీలను ఎక్స్‌పోర్ట్ చేసి రెండు పెన్‌డ్రైవ్‌లలో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచుతాను. వాడకుండా ఏళ్ల తరబడి పడి ఉన్న పెన్‌డ్రైవ్‌లో డేటా చెడిపోవచ్చు కనుక, పేపర్‌కీ అనే ప్రోగ్రాముతో లేజర్ ప్రింటు కూడా తీశాను. అది రహస్య భాగాన్ని మాత్రమే ముద్రిస్తుంది. తిరిగి కీని నిర్మించుకోవాలంటే పబ్లిక్ కీ (ఇతరులకు ఇచ్చే బహిరంగ భాగం) కూడా చేతిలో ఉండాలి. ఈ సంగతి చాలామంది గమనించరు. రహస్యాన్ని ముక్కలుగా పంచి, వాటిలో కొన్ని కలిస్తేనే తిరిగి వచ్చేలా చేసే రహస్య విభజన పద్ధతిని క్రిప్టోగ్రాఫర్ షమీర్ 1979లో ప్రతిపాదించాడు. అది అందమైనదే గానీ, ఒక వ్యక్తి సొంత కీకి అంత హంగామా అనవసరమని నా అభిప్రాయం.

దొంగతనం భయానికి సమాధానం పాస్‌ఫ్రేజ్, అంటే కీని తెరవడానికి ఇచ్చే పొడవైన రహస్య పదబంధం. ఎక్స్‌పోర్ట్ చేసిన కీ ఆనాటి పాస్‌ఫ్రేజ్‌తోనే తెరుచుకుంటుంది. తరువాత మీరు దాన్ని మార్చినా పాత నకలు మారదు. అందువల్ల పాస్‌ఫ్రేజ్ మార్చిన ప్రతిసారీ కొత్త నకళ్లు తీసి, పాతవాటిని నాశనం చేయాలి. పాస్‌ఫ్రేజ్‌ను కాగితంపై రాసి దాచుకోవడంలో తప్పు లేదు, కాకపోతే అది కీ నకలు ఉన్న కవరులో ఉండకూడదు. జీపీజీ 2.1 నుంచి కీతో పాటే తయారయ్యే రివొకేషన్ సర్టిఫికెట్‌కు (కీ ఇక చెల్లదని ప్రకటించే ఫైలుకు) పాస్‌ఫ్రేజ్ రక్షణ ఉండదు. అది దొరికినవారు మీ ఉత్తరాలు చదవలేరు గానీ మీ కీని రద్దు చేయగలరు. నేను దాన్ని విడిగా ఉంచుతాను.

హార్డ్‌వేర్ టోకెన్ (కీని తనలో దాచుకునే చిన్న పరికరం) కొనే ఆలోచన ఉంటే, కీని కంప్యూటర్‌లో తయారుచేసి, నకలు తీసుకున్నాకే అందులోకి పంపండి. టోకెన్ లోపలే పుట్టిన కీని బయటికి తీయడం సాధ్యం కాదు.

ల్యాప్‌టాప్ డిస్క్ పాడైనప్పుడు నా పని ఆగకపోవడానికి కారణం, అంతకుముందే నకలును పరీక్షించి ఉండడం. రోజూ వాడే జీపీజీ ఫోల్డరులో పరీక్షిస్తే జీపీజీ ఏజెంట్ అనే సహాయక ప్రోగ్రాము గుర్తుంచుకున్న పాస్‌ఫ్రేజ్‌తోనే ఫైలు తెరుచుకోవచ్చు, దానివల్ల మీకు అది నిజంగా గుర్తుందో లేదో తేలదు. అందుకే నెట్ ఆపేసి, ఖాళీ ఫోల్డరును జీపీజీకి హోమ్ డైరెక్టరీగా (కీలు ఉంచే చోటుగా) ఇచ్చి, అందులోకి నకలును ఇంపోర్ట్ చేసి, ఒక పాత ఫైలును డీక్రిప్ట్ చేసి చూడండి.