పిల్లల వార్డులో నర్సుగా చేరిన అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు,

పిల్లల వార్డులో డ్యూటీ వేశారని, ఏడ్చేవాళ్లను ఎలా ఊరుకోబెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. నేనైతే ఏడవని పిల్లల మీదే ముందు కన్నేసి ఉంచమంటాను. చేరిన రోజు గుక్కపట్టి ఏడ్చిన రెండేళ్ల బిడ్డ మూడోనాటికి గోడవైపు తిరిగి కిమ్మనకుండా పడుకుంటే, అలవాటు పడ్డాడని సంతోషించకు. చాలాసార్లు అది అమ్మ ఇక రాదేమోనన్న దిగులు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సామాజిక కార్యకర్త ఇంగ్లండులో ఒక రెండేళ్ల పాప ఆసుపత్రి రోజుల్ని ఫిల్ము తీసి చూపిస్తే, ఆ దిగులు నిజమని చాలామంది డాక్టర్లే ఒప్పుకోలేదు. తల్లిదండ్రుల్ని ఏ వేళప్పుడైనా రానివ్వాలని 1959లో, ఆసుపత్రుల్లో పిల్లల బాగోగుల కోసం అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ చెప్పాల్సి వచ్చింది.

అందుకే తల్లిని పనికి అడ్డమనుకోకు. సూది వేసేటప్పుడు బిడ్డను వెల్లకిలా అదిమిపట్టొద్దు. వీలైతే అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, ఆమె చేతులతోనే పొదివి పట్టుకోమను. పడుకోబెట్టి పట్టుకుంటే భయం రెట్టింపవుతుంది. తిమ్మిరెక్కించే క్రీమ్ ఉంటే డాక్టర్ని అడిగి ముందే రాయి, అది పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది.

"నొప్పి ఉండదు" అని మాత్రం ఎప్పుడూ అనకు. అబద్ధమని తేలాక నువ్వు థర్మామీటర్ పట్టుకెళ్లినా నమ్మరు. "చురుక్కుమంటుంది, ఏడుపొస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదపకు" అని చెప్పు. "సూది వేయనా?" అని అడగొద్దు, వద్దంటే ఆపలేవు కదా. ఏ చేతికి వేయాలో అడుగు, కుదిరితే వాళ్లు చెప్పిన చేతికే వెయ్యి.

నాలుగైదేళ్ల పిల్లలు అల్లరి చేసినందుకే జబ్బు చేసిందని లోలోపల నమ్ముతారు. అడగనిదే బయటపెట్టరు. నీ తప్పేం లేదని నువ్వే పనిగట్టుకుని చెప్పాలి, ఒక్కసారి చెబితే చాలదు కూడా. "మాట వినకపోతే నర్సు సూది వేస్తుంది" అని బెదిరించే పెద్దల్ని పక్కకు పిలిచి నెమ్మదిగా ఆపు. ఇది నాకు చాలా పట్టింపు.

మూడేళ్లు దాటినవాళ్లకు నొప్పి ఎంతో చెప్పడానికి నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా వరసగా ఉన్న బొమ్మలు చూపించు. పెద్ద పిల్లలకు కర్టెన్ వేయకుండా బట్టలు తీయొద్దు.

డ్యూటీ దిగేముందు బిడ్డకు చెప్పి వెళ్లు, తర్వాత వచ్చేదెవరో కూడా చెప్పు. తర్వాతి నర్సుకు డ్యూటీ అప్పగిస్తూ రాసే హ్యాండోవర్‌లో మందులతోపాటు ముద్దుపేరు, దేనికి భయపడతాడో, రాత్రి ఏది పట్టుకుని పడుకుంటాడో తప్పకుండా రాసిపెట్టు.

ఇట్లు,
నీ పెద్దక్క