నాన్న రాకముందే చెప్పెయ్

ప్రశ్న: మా పాపకి పదేళ్లు, ఐదో తరగతి. గుణకారాలు, భాగహారాలు చకచకా చేసేది. భిన్నాలు మొదలైన దగ్గర్నుంచీ మా ఇంట్లో సాయంత్రాలు ఏడుపుతోనే గడుస్తున్నాయి. 1/2, 1/3 కలపమంటే 2/5 అని రాస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. మా వారు పద్దులు చూసే ఉద్యోగంలో ఉన్నారు, లెక్కల్లో దిట్ట. కూర్చోబెట్టి చెప్తారు గానీ రెండోసారి అడిగితే ఓపిక ఉండదు. స్కూల్లో బొమ్మలు గీసి చేయమంటారు. ఈయనేమో ‘బొమ్మలేంటి, అడ్డంగా గుణించి పారెయ్’ అంటారు. పాప తికమకపడితే ‘అంతా అమ్మ బుర్రే వచ్చింది’ అంటారు. నా చదువు లెక్కల దగ్గరే ఆగిపోయింది లెండి. రోజూ గొడవెందుకని, ఆయన వచ్చేలోపు ఫోన్లో వెతికి జవాబులు చీటీ మీద రాసిస్తున్నాను. పాప చూసి ఎక్కించుకుంటుంది. ‘అమ్మా, నాన్న రాకముందే చెప్పెయ్’ అని తనే అడుగుతుంది. హోంవర్కంతా ఒప్పే. మొన్న పరీక్షలో మాత్రం 25కి 4 వచ్చాయి. ఆ పేపరు ఆయనకి ఇంకా చూపించలేదు. ఆయన్ని తప్పుపట్టాలని ఇదంతా రాయడం లేదు, పిల్ల మంచికే కోప్పడతారు. ట్యూషన్ పెట్టించమంటారా? లేక పాపలో ఏదైనా లోపం ఉందేమో ఎవరికైనా చూపించమంటారా?

జవాబు: మీరడిగిన రెండింటికీ ముందే చెప్పేస్తాను, అవి పక్కకి తప్పుకుంటాయి.

ట్యూషన్ వద్దు. స్కూలు పద్ధతి ఒకటి, మీ వారి పద్ధతి ఒకటి ఇప్పటికే ఉన్నాయి. ట్యూషన్ మాస్టారిది మూడోది అవుతుంది. పదేళ్ల పిల్ల ముగ్గురు పెద్దవాళ్ల మధ్య తగువు తీర్చాలా?

ఇక లోపం సంగతి. అంకెలతోనే ఇబ్బందిపడే పిల్లలు నిజంగానే ఉంటారు, దాన్ని డిస్కాల్క్యులియా అంటారు. కానీ అలాంటి పిల్లలకి భిన్నాల దాకా రాకముందే, చిన్న అంకెల్లో ఏది పెద్దదో చెప్పడంలోనో, ఎక్కాలు గుర్తుపెట్టుకోవడంలోనో, గడియారం చూడటంలోనో తేడా తెలుస్తూ ఉంటుంది. మీ పాప గుణకారాలు, భాగహారాలు చకచకా చేసేదని మీరే రాశారు. ఆ అనుమానం ప్రస్తుతానికి కట్టిపెట్టండి.

మీ ఉత్తరం రెండోసారి చదివితే ఒకటి కనిపించింది. అందులో పాప నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే ఉంది. ‘నాన్న రాకముందే చెప్పెయ్.’ అర్థం కాలేదమ్మా అనలేదు, ఇంకోసారి చెప్పమ్మా అనలేదు. గడియారం వైపు చూస్తూ అడిగింది. నేర్చుకోవాలన్న తొందర కాదది, తప్పించుకోవాలన్న తొందర. అది తనంతట తను కనిపెట్టిందనుకుంటున్నారా? అదే గడియారం వైపు మీరు చూస్తుంటే చూసి నేర్చుకుంది.

ఈ తగువు మీకూ మీ వారికీ మధ్య ఉంది. లవం, హారం మధ్యలో ఇరుక్కున్నాయి, పాపతో పాటు.

‘అమ్మ బుర్రే వచ్చింది’ అని ఆయన అంటే మీరేమన్నారో రాయలేదు. ఏమీ అనలేదు కాబట్టే రాయలేదని నా అనుమానం. పైగా ‘నా చదువు లెక్కల దగ్గరే ఆగిపోయింది లెండి’ అని మీరే ఆయన మాటకి కింద సంతకం పెట్టారు. ఆ ‘లెండి’ నాకు నచ్చలేదు. నా మీద ఎవరూ పెద్దగా ఆశలు పెట్టుకోనక్కర్లేదు అని ముందే చేతులు కట్టుకుని నిలబడ్డట్టుంది.

భర్త అన్న ప్రతి మాటా మనసులో పెట్టుకుంటే సంసారాలు సాగవు. నేనూ ఆ కాలం మనిషినే, చూసీ చూడనట్టు పోవడం నాకూ తెలుసు. కానీ పిల్ల ఎదురుగా తల్లిని తీసిపారేస్తే ఊరుకోవడం సర్దుకుపోవడం కిందకి రాదు. అక్కడ వినే చెవులు మూడు జతలున్నాయి. పాపకి ఆ మాటలో వినిపించిందేమిటంటే, రాకపోవడం ఒక తప్పు, అమ్మలా ఉండటం ఇంకో తప్పు. ఇక అది ‘నాకు రాలేదు’ అని ఎవరితో చెప్పుకోవాలి? చీటీతోనే చెప్పుకుంటుంది.

మీ వారు చెడ్డవారని నేననడం లేదు. ఆయన చెప్పే లెక్క కూడా తప్పు కాదు. అడ్డంగా గుణించినా ఒప్పే వస్తుంది. 5/12, 7/18 ఆయన పద్ధతిలో కలిపితే 174/216 వస్తుంది. దాన్ని మళ్లీ 29/36 దాకా కుదించుకోవాలి. స్కూల్లో చెప్పినట్టు కసాగు, అంటే 12తోనూ 18తోనూ శేషం లేకుండా భాగమయ్యే అతి చిన్న సంఖ్య, 36 తీసుకుంటే 15/36, 14/36 కలిపి నేరుగా 29/36. రెండు దారులూ ఒక చోటికే. పద్దులు చూసే మనిషికి మొదటిది చేతికి అలవాటుగా వచ్చేసింది. కానీ పాప ‘ఎందుకు’ అనడిగితే ఆయన దగ్గర జవాబు ఉండి ఉండదు. ఎలా చేయాలో తెలిసి, ఎందుకు చేయాలో తెలియని పెద్దవాళ్లకే పిల్లల మీద గొంతు లేస్తుంది.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మా అబ్బాయి చిన్నప్పుడు, ‘సగాన్ని పావుతో భాగిస్తే రెండెలా వస్తుందమ్మా, భాగిస్తే తగ్గాలి కదా’ అన్నాడు. తిరగేసి గుణించడం తప్ప నాకింకేం తెలీదు. చెప్పినట్టు చెయ్యరా అని వాడి నోటుపుస్తకం గోడకేసి కొట్టాను. వాడడిగింది సరైన ప్రశ్న. సగంలో పావులెన్ని అని అడిగి ఉంటే, రెండు అని వాడే చెప్పేవాడు. నాకది తట్టేసరికి వాడు నన్ను లెక్కలడగడం ఎప్పుడో మానేశాడు.

అసలు భిన్నాలంటే తడబడటానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. ప్రాచీన ఈజిప్టులో లెక్కలు రాసేవాళ్లు మూడింట రెండు వంతులకి మాత్రం ఒక గుర్తు పెట్టుకుని, మిగతావాటిని దాదాపుగా అన్నిటినీ లవం ఒకటే ఉండే భిన్నాలుగా విడగొట్టి రాసుకునేవాళ్లు. 3/4 అంటే వాళ్లకి సగమూ, పావూ. అంత పెద్ద కట్టడాలు కట్టినవాళ్లే అన్ని తిప్పలు పడ్డారు, మీ పాప ఒక్క నెలలో దాటేయాలా?

ఇప్పుడు మీ వంతు. మీరు రాసిస్తున్న చీటీల్ని సాయం అని పిలవకండి. హోంవర్కంతా ఒప్పుగా వస్తుంటే పాప ఎక్కడ ఆగిందో ఆ టీచరుకి ఎలా తెలుస్తుంది? తప్పులతో ఉన్న పుస్తకమే ఆవిడకి పనికొచ్చేది. మీరు ఆవిడ కళ్లకి గంతలు కట్టి, మీ వారి కళ్లకీ కట్టి, పిల్లకి నాన్నని మోసం చేయడం అలవాటు చేశారు. గట్టిగా అంటున్నానని తెలుసు. ఇంటి ప్రశాంతత కోసమే చేశారనీ తెలుసు. పరీక్షలో వచ్చిన ఆ 4 మార్కులే ఈ ఇంట్లో చాలా రోజుల తర్వాత బయటపడ్డ నిజం.

రేపట్నుంచి చీటీ లేదు. ఆ కుర్చీలో మీరు కూర్చోండి. అవును, లెక్కల దగ్గర చదువాగిపోయిన మీరే. ‘నాకూ ఇది సరిగ్గా రాదమ్మా, ఇద్దరం చూద్దాం’ అనండి. ఈ ఇంట్లో ఒక పెద్దమనిషి రాదని చెప్పి కూడా తలెత్తుకు కూర్చోవడం పాప ఇంతవరకూ చూడలేదు.

మీకు వచ్చో రాదో తేల్చుకుందాం. సన్నటి కాగితం పట్టీలు ఒకే పొడవున ఓ నాలుగు కత్తిరించండి. పొడవు తేడా రాకూడదు, ఒకే పొడవున్న పట్టీల్లోంచి తీసుకుంటేనే ముక్కల్ని పోల్చగలం. ఒకదాన్ని సగానికి మడవండి, ఒకదాన్ని మూడు సమభాగాలుగా, ఒకదాన్ని ఆరు భాగాలుగా. మూడోవంతు మడత కొంచెం మొండికేస్తుంది, రెండు మూడుసార్లు సర్దుకోవాలి. సగం ముక్క, మూడోవంతు ముక్క పక్కపక్కన పెట్టి, ఇది ఎంత అని అడగండి. తొందరపెట్టకండి. ఆరు మడతల పట్టీ పక్కన పెడితే సగం దగ్గర మూడు ముక్కలు, మూడోవంతు దగ్గర రెండు ముక్కలు సరిపోతాయి. మొత్తం ఐదు. ఆరింట ఐదు వంతులు. కసాగు అని పుస్తకంలో భయపెట్టేది ఇదే, రెండు ముక్కలకీ సరిపోయే మడత వెతకడం.

పాప రాసే 2/5ని కొట్టివేయకండి. దానికో తర్కం ఉంది. పైవి కలిపింది, కిందవి కలిపింది, ఇన్నేళ్లూ కూడిక అంటే అదే కదా. 1/4 కన్నా 1/8 పెద్దదనుకునే పిల్లలు కూడా అదే దారిలో వస్తారు, నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కాబట్టి. ఇంకో పట్టీని ఐదు మడతలు పెట్టి, అందులో రెండు మడతల్ని సగం ముక్క పక్కన పెట్టించండి. సగం కన్నా తక్కువే వస్తుంది. సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గిందేమిటి? ఈ ప్రశ్న మీరు వేయకండి, పాపే వేసేదాకా ఆగండి.

ఇంకొక్కటి, ఇది నా చాదస్తమనుకున్నా సరే. ‘మూడు బై నాలుగు’ అని చదవడం కొన్నాళ్లు మానేయండి. ‘బై’ అంటే పిల్లకి రెండు అంకెలు వినిపిస్తాయి, పైనొకటి, కిందొకటి. నాలుగింట మూడు వంతులు అంటే ఒకటే వినిపిస్తుంది. ముప్పావు అంటే ఇంకా నయం, మూడు పావులని ఆ మాటలోనే ఉంది. రెండు పావులకి ఒక పావు కలిపితే ఎంత అంటే, మూడు ఎనిమిదో వంతులు అని ఏ పిల్లా అనదు.

లెక్కల సంగతి ఇంతే. కష్టమైన పని వేరే ఉంది. పాప నిద్రపోయాక మీ వారితో కూర్చోండి. పరీక్ష పేపరు ముందు పెట్టండి. చీటీల సంగతి కూడా మీరే చెప్పండి, పాప అడిగింది కాబట్టి రాసిచ్చాను అని దాని మీదకి తోయకండి. ఆ తర్వాత, ‘ఏవండీ, నాకు లెక్కలు రావన్నది నిజమే. అది నాతో చెప్పండి, పాప ముందు అనకండి’ అనండి. ఏడవకండి, పాత లెక్కలు తవ్వకండి. ‘నీకేం తెలుసు’ అంటారు, తప్పకుండా అంటారు. తెలీదు, అందుకే నేర్చుకుంటున్నాను, మీరు గొంతు తగ్గిస్తే మీ దగ్గరే నేర్చుకుంటాను అనండి. ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోతే ఓ నెల పాటు లెక్కల పుస్తకం దగ్గరికి ఆయన రావద్దు, పాప చేసింది చివర్లో చూస్తే చాలు. ఈ మాట గట్టిగా పట్టుకోండి. మీరు దీన్ని అడుక్కోవడం లేదు, ఇల్లాలిగా ఒక ఏర్పాటు చెప్తున్నారు.

ఆయన మాట వినకముందే మీకు చేతులు వణుకుతాయా? మాట దాటి చెయ్యి లేచే ఇల్లేనా మీది? అలాగైతే ఇదంతా పక్కన పెట్టి నాకు మళ్లీ రాయండి. అప్పుడు నేను చెప్పేది వేరు.

అలాంటి ఇల్లు కాకపోతే, రేపు సాయంత్రం పాప అలవాటుగా మీ కొంగు లాగుతుంది, నాన్న రాకముందే చెప్పెయ్ అని. పట్టీలు బల్ల మీదే ఉంచి, నాన్న వచ్చాక చేద్దాంలే అనండి.