ర్యాంకును చూసి ఆట ఆదరణను చెప్పవచ్చా?

ప్రశ్న: అమెరికాలో చదువుకుంటున్న మా అబ్బాయి వారాంతాల్లో స్నేహితులతో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ (బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర ధరించి కథ నడిపే ఆట) ఆడుతుంటాడు. అమెజాన్‌లో ఆ ఆట నియమాల పుస్తకం ర్యాంకు పడిపోయిందనీ, పోటీ ఆట ‘పాత్‌ఫైండర్’ పైకి వచ్చిందనీ, కాబట్టి మొదటిదానికి కాలం చెల్లిందనీ అతని మిత్రుడు వాదిస్తున్నాడట. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ ఒక్క ఆధారంతో అంత మాట అనడానికి వీల్లేదు. ఒక దుకాణంలో ఒక పుస్తకం ఈమధ్య తక్కిన పుస్తకాలతో పోలిస్తే ఎంత జోరుగా అమ్ముడవుతోందో మాత్రమే ఆ ర్యాంకు తెలుపుతుంది. అమెజాన్ దానిని తరచూ సవరిస్తూ, తాజా అమ్మకాలకు ఎక్కువ విలువ ఇస్తుంది గానీ ఎన్ని ప్రతులు పోయాయో బయటపెట్టదు. అందువల్ల అమ్మకాలు ఏమాత్రం తగ్గకపోయినా, అదే వారం నాలుగు కొత్త నవలలు విరివిగా అమ్ముడైతే మీ అబ్బాయి పుస్తకం కిందికి దిగుతుంది. ర్యాంకు లక్షల్లో ఉన్న పుస్తకమైతే ఒక్క ప్రతి అమ్ముడైనా వేల స్థానాలు ఎగబాకుతుంది.

కొత్త ఎడిషన్ విడుదలైనప్పుడు ఈ అంకె మరీ ఉబ్బుతుంది. 2014 ఆగస్టులో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ అమెజాన్ పుస్తకాల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అభిమానం నిజమే, కానీ ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నవారంతా ఒకేసారి కొనడం వల్ల వచ్చిన స్థానమది. కోపం కూడా పుస్తకాలు అమ్మిపెడుతుంది. 2023 జనవరిలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణ సంస్థ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, ఇతరులు తన ఆట నియమాలను వాడుకునేందుకు ఇచ్చిన లైసెన్సు షరతులను మార్చబోతున్నదన్న వార్తతో అభిమానుల్లో అలజడి రేగినప్పుడు, ఎనిమిది నెలలకు సరిపోతాయనుకున్న పాత్‌ఫైండర్ మూల పుస్తకాలు రెండు వారాల్లో అయిపోయాయని దాని ప్రచురణ సంస్థ పైజో ప్రకటించింది. వాటిలో ఎన్ని బల్లమీద తెరుచుకున్నాయో, ఎన్ని అలమారాల్లోనే ఉండిపోయాయో ఏ ర్యాంకూ చెప్పలేదు.

పైగా ఈ ఆటల తీరే వేరు. నవలను చదవాలనుకున్నవారు సాధారణంగా ఎవరి ప్రతి వారు కొనుక్కుంటారు. ఇక్కడ ఆట నడిపే ‘డంజియన్ మాస్టర్’ దగ్గర పుస్తకం ఉంటే, చుట్టూ కూర్చున్న నలుగురైదుగురు దానితోనే ఏళ్ల తరబడి ఆడుకోవచ్చు. రెండు ఆటలకూ ప్రాథమిక నియమాలు ఉచితంగా దొరుకుతాయి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ డిజిటల్ పుస్తకాలు అమ్మే ‘డి అండ్ డి బియాండ్’ సైటును విజార్డ్స్ మాతృసంస్థ హాస్‌బ్రో 2022లో 14.6 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి కొన్నది. అక్కడ జరిగే అమ్మకాలు అమెజాన్ ర్యాంకులోకి రావు. ఆటల దుకాణాలకు మాత్రమే ఇచ్చే ప్రత్యేక అట్టల ప్రతులదీ అదే సంగతి.

ఆ మిత్రుడు గమనించని విషయం మరొకటి ఉంది: ఈ లెక్క పాత్‌ఫైండర్‌కూ న్యాయం చేయదు. పైజో తన పుస్తకాలను సొంత సైటు ద్వారా, చందాదారులకు నేరుగా కూడా అమ్ముతుంది. గట్టి అట్ట ప్రతికీ, చిన్న సైజు పాకెట్ ప్రతికీ అమెజాన్‌లో వేర్వేరు ర్యాంకులుంటాయి కనుక ఒకే పుస్తకం అమ్మకం రెండుగా చీలి కనిపిస్తుంది. ఇక దేశం మారితే చిత్రమే మారిపోతుంది: జపాన్‌లో ఎక్కువ ఆదరణ ఇదే కోవకు చెందిన ‘కాల్ ఆఫ్ కథుల్హు’ అనే మరో ఆటకు ఉంది, అమెరికా అమెజాన్‌లో దాని ర్యాంకును చూసి ఆ సంగతి ఊహించలేము.

ర్యాంకు బొత్తిగా పనికిరాదని నేను అనను. ఒకే పుస్తకాన్ని, ఒకే సైటులో, కొన్ని నెలల పాటు గమనిస్తూ, ఆ రోజు ధర ఎంత ఉందో పక్కన రాసుకుంటే (సగం ధరకు ఇచ్చిన వారం ర్యాంకు ఎగరడం మామూలే) ఆ పుస్తకం గిరాకీ ఎటు పోతోందో కొంత తెలుస్తుంది. ఎంతమంది ఆడుతున్నారో తెలుసుకోవాలంటే ‘రోల్‌20’ వంటి ఆన్‌లైన్ ఆట వేదికలు ప్రచురించిన లెక్కలు ఇంతకంటే దగ్గరి ఆధారం. వాటిలో కొన్నేళ్లపాటు ఐదో ఎడిషన్‌దే పెద్ద వాటా, పాత్‌ఫైండర్ చాలా వెనుక ఉండేది. అయితే ఇంట్లో బల్ల చుట్టూ కూర్చుని ఆడే మీ అబ్బాయి బృందం ఆ లెక్కల్లోనూ ఉండదు.