అమ్మ డిపాజిట్లు ఉండగా పర్సనల్ లోన్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. నిరుడు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని తేలింది. ఇప్పటికైతే విషయం చెబితే అర్థం చేసుకుంటుంది, సంతకం పెడుతుంది. నా జీతం 48 వేలు. పగలు చూసుకునే అటెండెంట్‌కు నెలకు 22 వేలు ఇస్తున్నాను. అమ్మ పేరిట 14 లక్షల డిపాజిట్లు ఉన్నాయి, నామినీని నేనే. వాటిని ముట్టుకోవడానికి మనసు రావడం లేదు. 4 లక్షల పర్సనల్ లోన్ తీసుకోనా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దు. నెలనెలా వచ్చే ఖర్చుకు అప్పు తెస్తే ఏడాదిన్నరలో ఆ 4 లక్షలూ అయిపోతాయి. అటెండెంట్ జీతం ఆగదు, పైన ఈఎంఐ ఒకటి మీద పడుతుంది. అమ్మ దాచుకున్న డబ్బు అమ్మకే ఖర్చు పెట్టడంలో తప్పేముంది? వడ్డీ లెక్కేయకపోయినా 14 లక్షలతో అటెండెంట్ ఖర్చు అయిదేళ్లు గడుస్తుంది.

చాలామంది పిల్లలు చేసే పొరపాటు, నామినీ అయితే చాలనుకోవడం. అమ్మ ఉన్నంతకాలం నామినీకి రూపాయి తీసే హక్కు లేదు. అమ్మ తరఫున లావాదేవీలు చేసే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నా, ఆమెకు మతి పూర్తిగా తప్పాక అది చెల్లదు. అప్పుడు సంరక్షకురాలిగా నియమించమని హైకోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. అందుకే అమ్మకు వివరంగా చెప్పి, ఆమె ఒప్పుకుంటే ఈ వారమే సేవింగ్స్ ఖాతాను ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయగలిగే 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో జాయింట్ చేయించండి. ఉదయం పూట తీసుకెళ్లండి, ఈ జబ్బున్న చాలామంది సాయంత్రానికి తికమక పడతారు. తోబుట్టువులుంటే ముందే చెప్పండి.

ఆ ఖాతాలో కనీసం 3 లక్షలు అత్యవసర నిధిగా ఉంచండి. ఇందులో మాత్రం రాజీ పడొద్దు. అటెండెంట్ పండక్కి ఊరెళ్లి తిరిగి రాదు. కొత్త మనిషికి ఏజెన్సీ అడ్వాన్స్ అడుగుతుంది. ఈలోపు మీరు సెలవు పెడితే జీతం కోత. రేపు అమ్మ రాత్రిళ్లు లేచి తలుపు గడియ తీసే దశ వస్తే రాత్రికీ ఒక మనిషి కావాలి. చేతిలో డబ్బు లేనివాళ్లే ఇలాంటప్పుడు లోన్ యాప్‌ల పాలవుతున్నారు. దయచేసి వాటి జోలికి వెళ్లకండి.

మిగతా సొమ్మును ఏడాదికొకటి గడువు తీరేలా విడగొట్టి, గడువు తీరగానే జాయింట్ ఖాతాలో పడేలా రాయించండి. ఎందుకంటే డిపాజిట్‌ను జాయింట్ చేసినా, మధ్యలో రద్దు చేయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు.

70 దాటిన వారికిచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చుకు పనికొస్తుంది, అటెండెంట్ జీతానికి కాదు.