అరచేతి గీతల్లో పసుపు... రెండు ల్యాబుల్లో రెండు ఎల్‌డీఎల్‌లు!

ప్రశ్న: నా వయసు 41. ఆరు నెలలుగా రెండు అరచేతుల గీతల్లో పసుపు రంగు కనిపిస్తోంది. ఎంత కడిగినా పోవడం లేదు. మోచేతుల మీద నొప్పిలేని చిన్న బుడిపెలు లేచాయి. రక్తపరీక్షలో మొత్తం కొలెస్ట్రాల్ 340, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 310, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 40, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 238 వచ్చాయి. మరో ల్యాబులో చేయిస్తే మిగతావన్నీ దాదాపు అంతే ఉన్నాయి గానీ, ఎల్‌డీఎల్ మాత్రం 126 అన్నారు. దేన్ని నమ్మాలి? మా నాన్నగారికి యాభై ఏళ్లకే కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయాయి. నాకూ, మా తమ్ముడికీ అలాగే అవుతుందా?

జవాబు: కొలెస్ట్రాల్ సమస్యతో వచ్చేవాళ్లు సాధారణంగా రిపోర్టు చాపుతారే తప్ప చేతులు చూపించరు. మీరు గమనించడం మంచిదైంది. అరచేయి చూసి ఆయుష్షు చెప్పే విద్య నాకు రాదు గానీ, గీతల్లో ఇలా పసుపు దిగితే రక్తనాళాల సంగతి కొంత చెప్పగలను. కామెర్లయితే కళ్లు పచ్చబడతాయి. క్యారెట్లు అతిగా తినేవాళ్లకు అరచేయి మొత్తం రంగు మారుతుంది. గీతల వెంబడి మాత్రమే పసుపు కనిపించి, మోచేతుల మీద బుడిపెలు కూడా ఉంటే ముందుగా అనుమానించాల్సింది ఫ్యామిలియల్ డిస్‌బీటాలైపోప్రోటీనీమియా అనే అరుదైన జన్యు సమస్యను. పలకడం కష్టం కాబట్టి మేం టైప్-3 అంటాం.

కొవ్వు నీటిలో కరగదు. అందుకే కాలేయం, పేగులు దాన్ని ప్రొటీన్లతో కూడిన చిన్న చిన్న కణాల్లో నింపి రక్తంలోకి వదులుతాయి. వీటిని సరకు పడవలనుకోండి. దారిలో కండరాలకూ కొవ్వు కణజాలానికీ ట్రైగ్లిజరైడ్లను దించేశాక చిన్నవైపోయిన పడవలు మిగులుతాయి. వీటిని అవశేష కణాలు అంటారు. ఇవి తిరిగి కాలేయమనే రేవుకు చేరాలి. అక్కడ పడవను కట్టేసే తాడు లాంటిది అపోలైపోప్రోటీన్-ఇ అనే ప్రొటీన్. ఇందులో ఇ2, ఇ3, ఇ4 అని మూడు రకాలున్నాయి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. మొత్తం 299 అమైనో ఆమ్లాల గొలుసులో 158వ స్థానంలో ఒక్కటి మారడం వల్ల ఇ2 రకం కాలేయంలోని ఎల్‌డీఎల్ గ్రాహకాన్ని, అంటే రేవులోని గుంజను, దాదాపు పట్టుకోలేదు. ఇద్దరి నుంచీ ఇ2 వచ్చినవారి పడవలకు రేవు దొరకడం కష్టమవుతుంది.

అలా తిరిగే కొద్దీ అవి తమలో మిగిలిన ట్రైగ్లిజరైడ్లను ఇచ్చి, హెచ్‌డీఎల్ నుంచి కొలెస్ట్రాల్‌ను తీసుకుంటాయి. అందుకే ఈ సమస్యలో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్ల అంకెలు మీకు వచ్చినట్టే దగ్గరదగ్గరగా పెరుగుతాయి. కొలెస్ట్రాల్ నిండిన ఈ కణాలు ధమని గోడలో దూరితే అక్కడి రక్షక కణాలు వాటిని మింగి ఉబ్బుతాయి. అరచేతి గీతల్లో జరిగిందీ ఇదే.

ఇక రెండు ల్యాబుల తగాదా. మొదటి ల్యాబు ఎల్‌డీఎల్‌ను కొలవలేదు, లెక్కగట్టింది. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేయడం ఆ పద్ధతి. 340లోంచి 40, 62 పోతే 238. ట్రైగ్లిజరైడ్లు మోసే కణాల్లో కొలెస్ట్రాల్ ఆ ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతే ఉంటుందన్నది అందులోని ఊహ. మీ కణాల్లో అంతకంటే చాలా ఎక్కువ ఉండవచ్చు. ఆ ఎక్కువంతా ఎల్‌డీఎల్ ఖాతాలో పడిపోతుంది. రెండో ల్యాబు బహుశా నేరుగా కొలిచి ఉంటుంది. అవశేష కణాలు ఎల్‌డీఎల్‌గా మారడం కూడా కుంటుపడుతుంది కాబట్టి, టైప్-3లో అసలు ఎల్‌డీఎల్ తక్కువగా ఉండటం వింత కాదు. అయితే 126 చూసి ఊపిరి పీల్చుకోకండి, నేరుగా కొలిచే పరీక్షలూ ఈ కణాల దగ్గర తడబడతాయి. మీరు చూసుకోవాల్సింది మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చే అంకె. మీకది 300. చాలా ఎక్కువ.

అపోలైపోప్రోటీన్-బి (ఈ కొవ్వు కణాల సంఖ్యను తెలిపే ప్రొటీన్) పరీక్ష చేయించండి. కొలెస్ట్రాల్ ఇంతగా పెరిగినా అది ఆ మేరకు పెరగకపోతే అనుమానం బలపడుతుంది. ఆ తర్వాత అపోలైపోప్రోటీన్-ఇ జన్యు పరీక్ష. అరుదుగా వేరే మార్పుల వల్లా ఈ జబ్బు వస్తుంది, వాటిని మామూలు పరీక్ష పట్టుకోలేదు.

రెండు ఇ2లు ఉన్నంత మాత్రాన జబ్బు రాదు. అలా ఉన్నవారు నూటికి ఒకరి వరకు ఉంటారు, వారిలో కొద్దిమందికే ఇది బయటపడుతుంది. సాధారణంగా మరేదో తోడవ్వాలి: బరువు పెరగడం, మధుమేహం, థైరాయిడ్ మందగించడం, మద్యం, స్త్రీలలో నెలసరి ఆగిపోవడం. మీకు ఈ ఆరు నెలల్లో ఏం మారిందో ఆలోచించండి. థైరాయిడ్, చక్కెర, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు ఇప్పుడే చేయించాలి. ఒక్క థైరాయిడ్ సరిచేస్తే అంకెలు బాగా దిగివచ్చే సందర్భాలున్నాయి.

చికిత్సకు ఇంత బాగా లొంగే లిపిడ్ (రక్తంలోని కొవ్వుల) జబ్బులు తక్కువ. బరువు, మద్యం, పిండిపదార్థాలు తగ్గించడంతో పాటు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు, అవసరమైతే ట్రైగ్లిజరైడ్లు తగ్గించే ఫెనోఫైబ్రేట్ వాడతారు. ఫెనోఫైబ్రేట్ కోవకే చెందిన జెమ్‌ఫైబ్రోజిల్‌ను మాత్రం స్టాటిన్‌తో కలపకూడదు, కండరాలు దెబ్బతినవచ్చు. మందులు సొంతంగా మొదలుపెట్టకండి.

నాన్నగారి కాళ్ల సమస్యను తేలిగ్గా తీసుకోను. ఈ జబ్బు గుండె ధమనులతో పాటు కాళ్ల ధమనులనూ దెబ్బతీస్తుంది. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే వెంటనే వైద్యులకు చెప్పండి. పొగతాగే అలవాటుంటే ఈ రోజే మానేయండి. తల్లిదండ్రులిద్దరిలో చెరో ఇ2 ఉంటే తమ్ముడికి రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. నాన్నగారికి రెండూ, అమ్మగారికి ఒకటి ఉంటే అది సగానికి పెరుగుతుంది. తమ్ముడు కూడా లిపిడ్ పరీక్ష చేయించుకోవాలి.

పగటి వెలుతురులో మీ రెండు అరచేతులను ఫోటో తీసి దాచుకోండి. సరైన చికిత్స అందితే ఆ పసుపు గీతలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. తిరిగి వైద్యుల దగ్గరకు వెళ్లినప్పుడు రిపోర్టుతో పాటు ఆ ఫోటో కూడా చూపించండి.